చంద్రుడిపై అడుగుజాడలు: మన కెమెరా సాక్ష్యం

1969 జూలై మూడో వారంలో హిందూపురం పేరు దేశమంతా మారుమోగింది. ఇక్కడి నుంచి లోక్‌సభకు ఎన్నికై స్పీకర్‌గా ఉన్న నీలం సంజీవరెడ్డి, రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి జూలై 19న రాజీనామా చేశారు. బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది కూడా ఆ రోజే. మరునాడు తాత్కాలిక రాష్ట్రపతి వి.వి.గిరి సైతం పదవి వదిలి బరిలోకి దిగారు. ఢిల్లీ రాజకీయం అలా ఉడుకుతుండగానే, మన కాలమానం ప్రకారం జూలై 21 తెల్లవారుజామున 1.47 గంటలకు అపోలో-11 వాహనం ‘ఈగిల్’ చంద్రుడి మీద దిగింది. ఉదయం 8.26 గంటలకు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడి నేలపై కాలు మోపాడు. టీవీ ఇంకా ఢిల్లీ దాటి రాని రోజులవి. రాయలసీమకు ఆ కబురు రేడియోలోనే వచ్చింది, తర్వాత పత్రికల్లో బొమ్మలు వచ్చాయి. జనం విన్నారు, ఆశ్చర్యపోయారు, నమ్మారు.

అర్ధశతాబ్దం దాటాక సంగతి తిరగబడింది. బెంగళూరు వెళ్లే రైల్లోనో, పెనుకొండ టీ అంగడి దగ్గరో, ధర్మవరం మగ్గాల వీధుల్లోనో చంద్రుడి ప్రస్తావన వస్తే ‘అంతా సినిమా సెట్టింగేనంట సామీ, ఎవురు చూసొచ్చినారు?’ అనే మాట వినబడటం ఇప్పుడు వింతేమీ కాదు. చెవితో విని నమ్మిన తాతల మనవళ్లు, చేతిలోని ఫోన్‌లో ఫొటో చూసి కూడా నమ్మడం లేదు. ఇలా అడిగేవాళ్లను వెర్రివాళ్లని తోసిపుచ్చడం సరికాదు. ‘ఎవరు చూశారు?’ అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పిన వాళ్లలో ఇప్పుడు మన దేశం కూడా ఉంది. ఆ విషయమే మన ఊళ్లకు సరిగా చేరలేదు.

ఈ అనుమానం ఇక్కడ పుట్టింది కాదు. 1976లో బిల్ కేసింగ్ అనే అమెరికన్ రచయిత ‘మనం చంద్రుడి మీదికి వెళ్లనే లేదు’ అంటూ సొంత ఖర్చుతో పుస్తకం వేశాడు. 2001లో ఫాక్స్ టీవీ ఆ వాదనలతోనే ఓ కార్యక్రమం ప్రసారం చేసింది. జెండా ఎందుకు ఊగింది, ఆకాశంలో చుక్కలు ఎందుకు లేవు, నీడలు వేర్వేరు దిక్కులకు ఎందుకు పడ్డాయి అన్న ప్రశ్నలన్నీ అప్పటివే. యూట్యూబ్ వచ్చాక అవే తెలుగు గొంతుతో మళ్లీ మన ముందుకొచ్చాయి. వీటికి జవాబులు ఎప్పుడో వచ్చేశాయి కాబట్టి ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఒక్క చుక్కల సంగతి చెబుతాను. ఎండలో మెరిసే నేలను తీయడానికి కెమెరా కన్ను రెప్పపాటు మాత్రమే తెరుచుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో చుక్కల మసక వెలుగు నమోదు కాదు. 2023లో చంద్రయాన్-3తో వెళ్లిన మన ప్రజ్ఞాన్ రోవర్ తీసిన విక్రమ్ ల్యాండర్ ఫొటోలోనూ చుక్కలు లేవు.

అసలు చర్చ కక్ష్య నుంచి తీసిన ఫొటోల గురించి జరగాలి. ‘అంత పెద్ద దుర్భిణులు ఉన్నాయి కదా, భూమ్మీద నుంచే చూపించొచ్చు కదా’ అని చాలామంది అడుగుతారు. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. హబుల్ టెలిస్కోపు కూడా అక్కడ దాదాపు 90 మీటర్ల కన్నా చిన్న వస్తువును విడిగా గుర్తించలేదు. వ్యోమగాములు వదిలి వచ్చిన ఈగిల్ అడుగు భాగమేమో కాళ్లతో కలిపి కొలిచినా పది మీటర్లు లేదు. కాబట్టి దగ్గరికి వెళ్లి తీయాల్సిందే. 2009 జూన్‌లో నాసా పంపిన లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ ఆ పని చేసింది. నెల తిరక్కుండానే అపోలో దిగిన చోట్ల తొలి చిత్రాలు వచ్చాయి. 2011లో ఆ నౌక కక్ష్యను ఇరవై కిలోమీటర్ల చిల్లరకు దించి మరింత స్పష్టమైనవి తీశారు. అపోలో-17 వాళ్లు నడిపిన బండి చక్రాల జాడలు, అపోలో-14 వాళ్లు నడిచిన బాట సన్నని గీతల్లా వాటిలో కనబడతాయి. గాలి, వాన లేని చోటు కావడంతో ఆ జాడలు చెరగలేదు. అపోలో-12, 16, 17 చోట్ల జెండాల నీడలు కూడా కనిపిస్తున్నాయి, అపోలో-11 చోట మాత్రం లేదు. తిరుగు ప్రయాణంలో ఇంజన్ మంట ధాటికి జెండా పడిపోయిందని బజ్ ఆల్డ్రిన్ చెప్పిన మాటకు అది సరిపోయింది. నాటకం ఆడేవాళ్లయితే మొట్టమొదటి జెండానే పడిపోయినట్టు ఎందుకు చూపిస్తారు?

మన వంతు చంద్రయాన్-1తోనే మొదలైంది. 2008 అక్టోబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ నౌక కెమెరా ఐదు మీటర్ల కన్నా చిన్నవాటిని చూడలేదు. అయినా అపోలో-15 దిగిన చోట ఇంజన్ ధాటికి నేల రంగు మారిన మచ్చను అది పట్టుకుంది. చంద్రయాన్-2 ఆర్బిటర్ దగ్గర ఉన్న ఓహెచ్‌ఆర్‌సీ అనే కెమెరా చాలా పదునైనది. అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రంలో తయారైన ఈ కెమెరా, వంద కిలోమీటర్ల ఎత్తు నుంచి 25 సెంటీమీటర్ల మేరకు వివరం పట్టగలదు. 2021లో అది అపోలో-11 దిగిన చోటు మీదుగా వెళ్తూ తీసిన ఫొటోలో, ప్రశాంత సాగరమని పేరున్న ఆ మైదానంలో, ఈగిల్ అడుగు భాగం తన నీడతో సహా నిలబడి ఉంది. 1969 నుంచి అక్కడే ఉంది. ఈ సమాచారం వచ్చి చేరేది మనకు ఎక్కడో దూరంగా కాదు. హిందూపురం నుంచి రైలెక్కి బెంగళూరు చేరి, అది దాటి కాస్త ముందుకు వెళితే బ్యాలాలు అనే ఊళ్లో ఇస్రో భారీ యాంటెన్నాలు ఉన్నాయి. వాటిలో 32 మీటర్ల వెడల్పున్న దాన్ని కట్టింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. తెలుగు నేల మీద తయారైన పరికరాలకూ ఈ సాక్ష్యంలో భాగముంది.

మరి నమ్మనివాళ్లు ఏమన్నారు? నాసా ఫొటోలు వచ్చినప్పుడు ‘తీసిందీ వాళ్లే, చూపించేదీ వాళ్లే’ అన్నారు. మసకగా ఉంటే ‘ఏమీ కనబడటం లేదు’ అన్నారు, స్పష్టంగా వస్తే ‘కంప్యూటర్‌లో గీశారు’ అన్నారు. ఇస్రో ఫొటోలు వచ్చాక ‘ఇస్రో, నాసా ఒకటే’ అనే మాట మొదలైంది. చంద్రయాన్-1లో నాసా పరికరాలు వెళ్లిన మాట నిజమే. అంతమాత్రాన మన శాస్త్రవేత్తలు అమెరికా అబద్ధాన్ని మోస్తున్నారనడానికి ఒక్క ఆధారమైనా ఉండాలి కదా? ఏ ఫొటో చూపించినా కుట్రలో కొత్త భాగస్వామిని చేర్చుకుంటూ పోయే వాదన ఇది. నా ఉద్దేశంలో దాని అసలు బలహీనత అక్కడే ఉంది. ఏ ఆధారం చూపిస్తే ఒప్పుకుంటారో ముందుగా చెప్పలేనివాళ్లు ప్రశ్న అడుగుతున్నట్టు కాదు.

కుట్ర నిజమనుకుంటే అందులో ఎంతమందిని చేర్చాలో ఆలోచించండి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లు తయారు చేస్తున్నది దక్షిణ కొరియా కంపెనీ. ఆ దేశం 2022లో పంపిన దనూరి నౌక కూడా అపోలో-11 స్థలాన్ని ఫొటో తీసింది. అప్పటి సోవియట్ యూనియన్‌కు అమెరికాను బజారుకీడ్చడం కన్నా మించిన కోరిక ఉండదు. అపోలో-11 అక్కడ ఉండగానే వాళ్ల లూనా-15 చంద్రుడి చుట్టూ తిరిగి, చివరికి కూలిపోయింది. ఆకాశంలో వెళ్తున్న నౌకల సంకేతాలను పట్టగల పరికరాలు ఉండి కూడా మాస్కో ఎన్నడూ ‘అబద్ధం’ అనలేదు. వ్యోమగాములు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదికి ఫ్రాన్స్, అమెరికాల్లోని వేధశాలలు నేటికీ లేజర్ కాంతి పంపి తిరిగి అందుకుంటున్నాయి. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకు దూరమవుతున్నాడని తేలింది అలాగే. ఆరు యాత్రల్లో తెచ్చిన 382 కిలోల రాళ్లు, మట్టి దేశదేశాల ప్రయోగశాలలకు వెళ్లాయి. 2020లో చాంగే-5తో సొంతంగా మట్టి తెచ్చుకున్న చైనా శాస్త్రవేత్తలు కూడా తమ నమూనాల వయసును అపోలో నమూనాలతోనే పోల్చి చూశారు.

ధర్మవరంలో పట్టుచీర కొనడం తెలిసినవాళ్లు ఒక్క గుర్తు చూసి ఊరుకోరు. పోగు కాల్చి వాసన చూస్తారు. జరీ గీకి లోపలి దారం రంగు చూస్తారు. చీర తిరగేసి అంచు వెంట సూది గుచ్చిన గుర్తులున్నాయా అని వెతుకుతారు. ఒక పరీక్షను ఏమార్చవచ్చు గానీ, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పరీక్షలనూ ఏమార్చడం కష్టమని వాళ్లకు తెలుసు. అపోలో విషయంలో ఫొటో ఒక పరీక్ష, రాయి మరొకటి, అద్దం ఇంకొకటి. మూడింటి జవాబూ ఒకటే.

ఇక్కడ మన సమాజం తనను తాను చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. నిజమైన ఫొటోను అనుమానించే చేతులే అబద్ధపు ఫొటోను పదిమందికి పంపుతున్నాయి. ఏటా దీపావళికి ‘నాసా తీసిన భారతదేశం’ అంటూ రంగుల వెలుగుల బొమ్మ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది. అది దీపావళి రాత్రి తీసింది కాదు. కొన్నేళ్ల రాత్రి దీపాల సమాచారాన్ని రంగులద్ది కలిపిన చిత్రం, దాన్ని చేసింది కూడా అమెరికాలోని వేరే సంస్థ. చంద్రయాన్-3 దిగిన వెంటనే, ప్రజ్ఞాన్ చక్రాలు జాతీయ చిహ్నాన్ని, ఇస్రో గుర్తును చంద్రుడి మట్టిలో ముద్రించాయంటూ చక్కటి ఫొటో వచ్చింది. అది ఓ అభిమాని కంప్యూటర్‌లో గీసిన ఊహాచిత్రం. చక్రాల మీద ఆ గుర్తులు ఉన్న మాట వాస్తవమే, అక్కడి మట్టిలో అవి స్పష్టంగా పడలేదు. గర్వం కలిగిస్తే పరీక్షించకుండా నమ్మడం, మనసుకు నచ్చకపోతే ఎంత పరీక్షించినా నమ్మకపోవడం రెండూ ఒకే అలవాటు నుంచి వస్తాయి.

ఆ అలవాటు చివరికి మనకే తగులుతుంది. చంద్రయాన్-3 కూడా బూటకమేనన్న పోస్టులు 2023 ఆగస్టులోనే వచ్చాయి, యానిమేషన్ చూపించి మోసం చేశారన్నారు. అపోలో మీద వాడిన వాదనలే అవి. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2లోని మన విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయిన రాత్రిని గుర్తు చేసుకోండి. దాని శకలాల జాడను మొదట గుర్తించింది షణ్ముగ సుబ్రమణియన్ అనే చెన్నై ఇంజనీరు. నాసా అందరికీ అందుబాటులో ఉంచిన ఆర్బిటర్ ఫొటోల్లో, విక్రమ్ కూలక ముందు తీసినదాన్నీ తర్వాత తీసినదాన్నీ ఒక్కొక్క చుక్క చొప్పున పోల్చి చూశాడు. డిసెంబరులో నాసా అతడికే ఆ ఘనత ఇచ్చింది. అపోలో జాడలు చూపిన కెమెరానే మన వైఫల్యాన్నీ చూపింది. 2023లో మన విజయాన్ని, అంటే చంద్రయాన్-3 ల్యాండర్‌ను కూడా నాలుగు రోజుల్లోనే ఫొటో తీసింది. విక్రమ్ శకలాల ఫొటోను నమ్మి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు, అదే కెమెరా తీసిన ఈగిల్ ఫొటోను అబద్ధమనడానికి కారణం చూపాలి.

అధికారుల మాట, నాయకుల మాట అనేకసార్లు వమ్మైన ప్రాంతం మనది. పెద్దల మాటపై అపనమ్మకానికి ఇక్కడ కారణాలు లేకపోలేదు. అందుకే ‘శాస్త్రవేత్తలు చెప్పారు, నమ్మండి’ అంటే సరిపోదు. ‘మీరే చూడండి’ అనాలి. అలా అనే వీలు ఇప్పుడు ఉంది. చంద్రయాన్-2 సమాచారాన్ని ఇస్రో తన ‘ప్రదాన్’ పోర్టల్‌లో ఉంచింది, పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా దించుకోవచ్చు. అమెరికా ఆర్బిటర్ తీసిన ఫొటోలను ‘క్విక్‌మ్యాప్’ అనే పటంలో ఎవరైనా చూడొచ్చు. పదో తరగతి త్రికోణమితి వచ్చిన పిల్లలు ఫొటోలో నీడ పొడవు కొలిచి, సూర్యుడి కోణం తీసుకుని, ఈగిల్ అడుగు భాగం ఎత్తు ఎంతో తామే లెక్క కట్టగలరు. అది మూడు మీటర్ల పైచిలుకు రావాలి.

ఆగస్టు 23ను ప్రభుత్వం జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు మన బడుల్లో ఉపన్యాసాలు, ముగ్గులు, రాకెట్ బొమ్మలు ఎలాగూ ఉంటాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉపాధ్యాయులను నేను కోరేది ఒక్క పీరియడ్. కంప్యూటర్ గదిలో ఆ పటం తెరవండి. ముందు ఈగిల్‌ను, తర్వాత మన విక్రమ్‌ను పిల్లల చేతనే వెతికించండి. నీడలు కొలిపించండి. ఇంటికెళ్లి నాన్నకు, తాతకు చూపించమనండి.