తొలి పాట ఎంతకాలం నిలుస్తుంది?

పోయిన వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు పాత విద్యార్థినులం కొందరం హాస్టల్‌కి వచ్చాం. భోజనాల హాల్లో బల్లలన్నీ గోడవైపు జరిపి, ఇంటర్ చదివే చెల్లెళ్లు డ్యాన్సు ప్రాక్టీసు చేస్తున్నారు. పాట కొరియన్ భాషలో ఉంది. మా బ్యాచ్ మిత్రురాలు నా చెవిలో "ఒక్క ముక్క అర్థం కాని పాటకి ఈ గెంతులేంటే? మనకి పాటలు కరువయ్యాయా?" అంది. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక ఆ పాటల సంగతేమిటో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఆ రోజు నేను నవ్వడం తప్పనిపించింది. అందుకే ఈ వ్యాసం.

దక్షిణ కొరియాలో 'గర్ల్స్ జనరేషన్' అని ఒక బృందం. వాళ్ల భాషలో 'సోన్యో షిడే'. 2007 ఆగస్టు 5న తొమ్మిది మంది అమ్మాయిలు ఒక టీవీ సంగీత కార్యక్రమంలో మొదటిసారి జనం ముందుకొచ్చారు. అప్పటికి వాళ్ల వయసు 16 నుంచి 18 మధ్య. సరిగ్గా మన ఇంటర్ పిల్లల వయసు! ఎస్.ఎం. ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ వాళ్లకి ఏళ్ల తరబడి పాటా ఆటా నేర్పించింది. కొందరైతే ఆరేడేళ్లు శిక్షణలోనే గడిపారు. శిక్షణలో చేరినంత మాత్రాన వేదిక దొరుకుతుందన్న హామీ లేదు. బృందంగా ఏర్పడ్డాక అంతా ఒకే ఇంట్లో గదులు పంచుకుని బతికారు. గదులు పంచుకోవడమంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

వాళ్ల మొదటి పాట పేరు 'దాషి మన్నన్ సెగ్యే'. అంటే 'మళ్లీ కలుసుకున్న లోకం'. ఇంగ్లీషులో దానికి 'ఇంటూ ద న్యూ వరల్డ్' అని పేరు పెట్టారు. ముందున్న దారి తెలియకపోయినా వెనక్కి తగ్గకుండా కలిసి నడుద్దామన్నది దాని భావం. తొమ్మిది మందీ ఒకే లయలో కాళ్లు విసురుతూ చేసే ఆ నృత్యం కష్టమైనదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

ఆరంభం బలంగానే ఉంది. అయినా ఆ సంవత్సరం కొరియాని ఊపేసిన పాట అది కాదు. 'వండర్ గర్ల్స్' అనే మరో బృందం పాడిన 'టెల్ మీ' అంతకంటే ఎక్కువ మోగింది. పైగా 2008 జూన్‌లో జరిగిన డ్రీమ్ కన్సర్ట్‌లో గర్ల్స్ జనరేషన్ వేదికెక్కగానే ఇతర బృందాల అభిమానులు తమ చేతుల్లోని దీపాలు ఆర్పేసి నిశ్శబ్దంగా కూర్చున్నారు. వేలమంది ఉన్న మైదానం చీకటైపోయింది. ఆ చీకట్లోనే ఈ అమ్మాయిలు తమ పాటలు పూర్తిచేసి దిగారు. 2009లో 'జీ' అనే పాట వచ్చాకే వాళ్ల పేరు దేశమంతా మారుమోగింది. అది మ్యూజిక్ బ్యాంక్ అనే కార్యక్రమంలో వరుసగా తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

లెక్క ప్రకారం చూస్తే గుర్తుండాల్సింది 'జీ'. కానీ చరిత్రలోకి ఎక్కింది మాత్రం ఆ తొలి పాట. అదెలాగో చూడండి.

2016 జూలైలో సియోల్‌లోని ఇవా మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థినులు ప్రధాన భవనంలో బైఠాయించారు. 1886లో ఆడపిల్లల బడిగా మొదలైన సంస్థ అది. తమను అడగకుండా యాజమాన్యం ఒక కొత్త కళాశాల పెడుతోందన్నది వాళ్ల అభ్యంతరం. జూలై 30న పెద్ద ఎత్తున పోలీసులు లోపలికి వచ్చారు. విద్యార్థినులు ఒకరి చేతుల్లో ఒకరు చేతులు వేసుకుని కూర్చున్నారు. భయంలో వాళ్ల నోటికి వచ్చింది నినాదం కాదు, ఈ పాట. ఆగస్టు 3న యాజమాన్యం ఆ ప్రతిపాదనను విరమించుకుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ కొత్త కళాశాల ఎవరి కోసం? వృత్తివిద్య చదివి ఉద్యోగాల్లోకి వెళ్లిపోయినవాళ్ల కోసం, వయసు దాటాక డిగ్రీ చదవాలనుకునేవాళ్ల కోసం. పెద్ద విశ్వవిద్యాలయం పిల్లలు తమ డిగ్రీ విలువ తగ్గుతుందని దాన్ని అడ్డుకున్నారన్న విమర్శ అప్పుడే వచ్చింది. యాజమాన్యం డిగ్రీలను వ్యాపారం చేస్తోందన్నది విద్యార్థినుల జవాబు. నేను ఆ ఊళ్లో పుట్టి, పదో తరగతి తరువాత పనికి వెళ్లి ఉంటే ఆ కళాశాల గేటు ముందు దరఖాస్తు పట్టుకుని నిలబడేదాన్నేమో! కాబట్టి వాళ్ల కోరిక అంతా న్యాయమని నేను అనలేను. అడగకుండా నిర్ణయించడం, పోలీసులను పిలవడం న్యాయమని కూడా అనలేను. పాట గొప్పదైనంత మాత్రాన పాడేవాళ్ల ప్రతి మాటా గొప్పదైపోదు. ఇది మనం గుర్తుంచుకోవాలి.

అయితే పాట అక్కడితో ఆగలేదు. ఆ ఏడాది చివర అధ్యక్షురాలు పార్క్ గున్-హే అవినీతికి వ్యతిరేకంగా లక్షలాది జనం కొవ్వొత్తులతో వీధుల్లోకి వచ్చినప్పుడు యువతరం ఇదే పాట అందుకుంది. గాలి వీస్తే కొవ్వొత్తి ఆరిపోతుందని అధికార పక్షం సభ్యుడొకరు ఎగతాళి చేస్తే, జనం గాలికి ఆరని బ్యాటరీ దీపాలు తెచ్చారు. 2017 మార్చి 10న ఆమె పదవి పోయింది.

మళ్లీ 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ సైనిక శాసనం ప్రకటించారు. కొన్ని గంటల్లోనే పార్లమెంటులో హాజరైన 190 మంది సభ్యులూ దాన్ని రద్దు చేయమని ఓటేశారు. తరువాతి రోజుల్లో పార్లమెంటు ముందు గడ్డకట్టే చలిలో యువతులు పెద్ద సంఖ్యలో నిలబడ్డారు. వాళ్ల చేతుల్లో తమ తమ అభిమాన బృందాల లైట్ స్టిక్కులు. డిసెంబరు 14న 204 ఓట్లతో అభిశంసన నెగ్గింది. ఆ వార్త వినగానే వీధిలో మోగిన పాట, 17 ఏళ్ల కిందటి ఆ తొలి పాటే. 2008లో ఆ అమ్మాయిల ముందు ఆరిపోయిన దీపాల వంటివే 2024లో వాళ్ల పాటకి వెలిగాయి. ఈ బృందం ఆ బృందం అన్న తేడా లేకుండా వెలిగాయి.

ఎందుకు ఈ పాటే? కొరియాలో ఉద్యమ గీతాలకు కొదవ లేదు. నియంతృత్వ కాలంలో నిషేధానికి గురైన 1971 నాటి 'ఆచిమ్ ఇసుల్' వంటివి పెద్దవాళ్లకి కంఠతా వచ్చు. కానీ 2007లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు బడి మెట్ల మీద నేర్చుకున్న పాట ఇది. పక్కనున్న అపరిచితురాలికి కూడా వస్తుందని ప్రతి ఒక్కరికీ తెలిసిన పాట. భయమేసినప్పుడు మనిషికి కొత్త పాట రాదు, చిన్నప్పుడు నేర్చుకున్నదే వస్తుంది. అందులో ఏ పార్టీ పేరూ లేదు. కలిసి నడుద్దామన్న మాట ఉంది. ఆ మాటను ఆ పిల్లలు ఎంతో సాధన చేసి, శ్రద్ధగా పాడారు. పైపైన పాడి ఉంటే ఇన్నాళ్లు నిలిచేది కాదని నా అభిప్రాయం.

దీన్ని చూసి ఆ పరిశ్రమ అంతా బంగారమని అనుకోవద్దు. పాట అమ్ముకోవడానికి కంపెనీ తయారు చేసినదే. పసివయసు పిల్లల మీద రూపం గురించి, బరువు గురించి ఉండే ఒత్తిడి చిన్నది కాదు. ఆ తొమ్మిది మందిలో జెస్సికా 2014లో బృందాన్ని వీడింది. మిగిలిన ఎనిమిది మంది 2022లో, 15 ఏళ్లు నిండిన సందర్భంగా మళ్లీ కలిసి ఆల్బమ్ తెచ్చారు. అమ్మకం కోసం పుట్టిన పాటను జనం తమ సొంతం చేసుకున్నారు. ఆ ఘనత పాడినవాళ్లది ఎంతో, అందుకున్నవాళ్లదీ అంతే.

చెల్లెళ్లారా! ఈ వార్షికోత్సవానికి మీలో చాలామంది మొదటిసారి వేదిక ఎక్కుతారు. చప్పట్లు తక్కువ పడవచ్చు. మా వంటి సీనియర్లు వెనక వరుసలో నవ్వవచ్చు. పట్టించుకోకండి. మీ పాట ఎవరికి ఎప్పుడు ధైర్యమిస్తుందో ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్లు చెప్పలేరు. చేసేది మాత్రం శ్రద్ధగా చేయండి.

ఈసారి నేను ముందు వరుసలో కూర్చుంటాను. నా మిత్రురాలిని కూడా పక్కనే కూర్చోబెడతాను.