గిటారు రికార్డింగుకు ఖరీదైన పెట్టె కావాలా?



గిటారు వాయించే బిడ్డ ఉన్న ఇంట్లో ఏదో ఒకనాడు ఈ మాట వస్తుంది: "నాన్నా, రికార్డింగు బాగా రావడం లేదు. మంచి మైక్ ప్రీఆంప్ కొనాలి." ధర వినగానే తండ్రి ఉలిక్కిపడతాడు. బిడ్డ అడిగింది దుబారా కాదు, తండ్రి వెనుకాడటం పిసినారితనమూ కాదు. ఆ పెట్టె చేసే పని ఏమిటో ఇద్దరికీ తెలిస్తే తగవు సగం తీరుతుంది.

మైకు నుండి వచ్చే విద్యుత్తు బహు స్వల్పం. పేరున్న షూర్ ఎస్.ఎం. 57 మైకు గట్టి శబ్దానికి సైతం ఒకటిన్నర మిల్లీవోల్టుల పాటి మాత్రమే ఇస్తుంది. వేళ్లతో మెల్లగా మీటిన గిటారుకు ఇంకా తక్కువ. దానిని రికార్డుకు సరిపడేంత పెంచేదే ప్రీఆంప్. 60 డెసిబెల్స్ పెంచడమంటే వెయ్యి రెట్లు పెంచడం. కంప్యూటరుకు తగిలించే చిన్న ఆడియో ఇంటర్ఫేసులో ఈ ప్రీఆంప్ ముందే ఉంటుంది. కాబట్టి ఇంటర్ఫేసు ఉన్న ఇంట్లో బిడ్డ అడుగుతున్నది రెండవ ప్రీఆంప్ అన్నమాట.

పెంచేటప్పుడు 'సుయ్' మనే హోరు కూడా పెరుగుతుంది. 150 ఓమ్‌ల మైకుకు ప్రకృతి నియమం విధించిన హద్దు సుమారు -131 డి.బి.యు. ఎంత డబ్బు పోసినా హోరు అంతకు దిగువకు రాదు. నేటి సామాన్యమైన ఇంటర్ఫేసులు అనేకం ఆ హద్దుకు కొద్ది డెసిబెల్స్ దూరంలోనే ఉన్నాయి. పైగా 48 వోల్టులతో పనిచేసే కండెన్సర్ మైకు, ఎస్.ఎం. 57 వంటి డైనమిక్ మైకు కంటే సుమారు పది రెట్లు బలంగా పలుకుతుంది. దానికి ప్రీఆంప్‌ను అంతగా తిప్పనక్కరలేదు గనుక హోరులో తేడా దాదాపు వినిపించదు. డైనమిక్ మైకుతో మెల్లగా వాయించేవారికి మాత్రం మంచి ప్రీఆంప్ వలన మేలు ఉంటుంది.

మరి లక్ష దాటే పెట్టెల సంగతి? 1970లో రూపెర్ట్ నీవ్ రూపొందించిన 1073 వంటి వాటిలో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. గట్టిగా పెంచినప్పుడు అవి స్వరానికి ఒక రంగు అద్దుతాయి. అది నిజమే. అయితే ఇంట్లో మెల్లగా వాయించే గిటారుకు ఆ రంగు చాలా పలుచన.

కొనేముందు, స్నేహితుని పెట్టె ఒకటి అడిగి తెచ్చి ఇంట్లోనే పరీక్షించి చూడండి. అదే మైకు, అదే గిటారు, అదే కుర్చీ ఉండాలి. కుర్చీ కాళ్లకూ మైకు స్టాండుకూ నేలమీద సుద్దతో గుర్తులు పెట్టండి. మైకు ముందు ఫోనులో ఒకే స్వరం మోగించి, రెండు పెట్టెల్లోనూ మీటరు ఒకే అంకె చూపేలా సరిచేయండి. ఇది మరువకూడదు. ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగినదే మన చెవికి 'మంచిది'గా తోస్తుంది.

తరువాత ఒకే పాటను ఒక్కొక్క పెట్టెతో మూడుసార్లు వాయించండి. వినిపించే పని చెల్లెలికి అప్పగించండి. ఏది ఏ పెట్టెదో ఆమె కాగితంమీద రాసుకోవాలి, మీరు చూడకూడదు. పదిసార్లు వినిపిస్తే ఐదారుసార్లే సరిగా చెప్పగలిగారా? అది నాణెం ఎగరేసి చెప్పినట్టే. ఒకే పెట్టెతో వాయించిన మూడింటి మధ్య తేడా, రెండు పెట్టెల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉందా? అయితే లోపం పెట్టెలో లేదు.

ఇప్పుడు పెట్టె మార్చకుండా మైకు మార్చి చూడండి. గిటారు బొరియకు ఎదురుగా పెడితే లోపలి గాలి కదలిక వలన 100 హెర్ట్‌జ్ దగ్గర 'గుమ్' మంటుంది. 12వ మెట్టుకు ఎదురుగా, ఒక అడుగు దూరంలో పెడితే తీగె స్పష్టంగా పలుకుతుంది. ఈ తేడా చెప్పడానికి చెల్లెలి కాగితం అక్కరలేదు, వంటింట్లో ఉన్న అమ్మకు కూడా తెలుస్తుంది.

ఫ్యాను ఆపండి. వెనుక గోడకు రెండు బొంతలు వేలాడదీయండి. రేకుల ఇల్లయితే వానలో రికార్డు చేయకండి. 'గుయ్' మనే శబ్దం వస్తే లాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీతో నడపండి. అప్పుడు ఆగిపోతే లోపం కరెంటుదే, ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. పాత తీగెలు మార్చండి. రికార్డు చేసేటప్పుడు మీటరు -12 దగ్గర ఆగితే చాలు.

ఇవన్నీ చేశాక కూడా హోరే అడ్డుగా ఉంటే, అప్పుడు ప్రీఆంప్ కొనడం న్యాయమైన ఖర్చే. తలిదండ్రులారా, "వద్దు" అనే ముందు ఒక సాయంత్రం పిల్లల పక్కన కూర్చుని ఆ పది పాటలూ వినండి. యౌవనస్థులారా, "కొనండి" అనే ముందు ఆ పరీక్ష నిజాయితీగా చేయండి. చెవులు చెప్పిన తీర్పును ఇద్దరూ ఒప్పుకుంటారు.