జేజేలకు జవాబుదారీ ఎవరు?

తిరుమలలో మొక్కు తీర్చుకున్న యాత్రికుల బస్సులు అట్నుంచి అటే మద్రాసు వెళ్లి, త్యాగరాయనగర్‌లోని బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు ఇంటి ముందు ఆగేవి. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక కృష్ణుడంటే ఎలా ఉంటాడో తెలుగువాళ్లకు ఇక అనుమానం లేకుండా పోయింది. ఈ బస్సుల ముచ్చట చెప్పేవాళ్లు చాలామంది చివర్లో ఒక తీర్పు కూడా తగిలిస్తారు. వేషానికీ మనిషికీ తేడా తెలియని అమాయక జనమే 1983 జనవరిలో ఆయన్ను ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోబెట్టారట. ఈ తీర్పు నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. అదే జనం 1989లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే కల్వకుర్తిలో ఓడించారు. దేవుడని నిజంగా నమ్మినవాళ్లు చేసే పనేనా అది?

చిరంజీవి సంగతీ అంతే. 2008 ఆగస్టు 26న తిరుపతిలో ప్రజారాజ్యం పుట్టిన రోజున ఆ జనసంద్రం చూసి, ప్రభుత్వం మారిపోయినట్టేనని లెక్కలు కట్టినవాళ్లున్నారు. మరుసటి ఏడాది 294 స్థానాల్లో దక్కినవి 18. సొంత జిల్లాలోని పాలకొల్లు ఆయన్నే కాదంది. పవన్ కల్యాణ్ సభల్లో ‘సీఎం, సీఎం’ అంటూ గొంతులు చించుకున్న కుర్రాళ్లకు కొదవ లేదు. 2019లో గాజువాక, భీమవరం రెండూ పోయాయి. 2024లో పొత్తు కుదిరాక ఆయన పార్టీ పోటీ చేసిన 21 అసెంబ్లీ స్థానాలూ గెలిచింది. ఈల వేసే చెయ్యి, ఓటు వేసే చెయ్యి ఒకటే అయినా రెంటికీ లెక్క వేరని మన ఓటరు పదేపదే చూపించాడు.

అభిమానుల్ని గొర్రెలమందగా కొట్టిపారేసే చదువరుల మాట అందుకే సగమే నిజం. అసలైన గుడ్డి ఆరాధన ఎలా ఉంటుందో చూడాలంటే గయానా అడవికి వెళ్లాలి. అమెరికా నుంచి మతగురువు జిమ్ జోన్స్ వెంట వెళ్లి అక్కడ ఊరు కట్టుకున్నవాళ్ల పాస్‌పోర్టులు అతని మనుషుల దగ్గరుండేవి. ఉత్తరాలు ముందుగా చదివేవాళ్లు. సామూహిక మరణానికి రాత్రుళ్లు రిహార్సళ్లు జరిగేవి. 1978 నవంబరు 18న చనిపోయిన 918 మందిలో దాదాపు మూడోవంతు పిల్లలు. వాళ్లు ఏ సిద్ధాంతాన్నీ నమ్మి చావలేదు, పెద్దలు తాగిస్తే తాగారు. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో సరీన్ విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో మతశాఖలో డాక్టర్లున్నారు, సైన్సు పట్టభద్రులున్నారు. చదువు రక్షిస్తుందన్న భరోసా అక్కడితో తీరిపోయింది. ఈ రెండు చోట్లా కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే: బయటికి దారి లేదు. వెళ్తానన్నవాడు ద్రోహి, అడిగినవాడు శత్రువు. ఇల్లూ పొలమూ అమ్మి గురువు పాదాల దగ్గర పెట్టినవాడు, గురువు తప్పని తేలితే తన బతుకంతా తప్పేనని ఒప్పుకోవాలి. అది అయ్యే పని కాదు. మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింజర్ బృందం 1950లలోనే ఈ గుట్టు పట్టుకుంది. 1954 డిసెంబరు 21న జలప్రళయం వస్తుందని నమ్మి ఎదురుచూసిన ఒక అమెరికన్ బృందంలో చేరి గమనించి, ప్రళయం రాకపోయాక గాఢభక్తుల నమ్మకం సడలలేదు సరికదా, అప్పటిదాకా జనానికి దూరంగా ఉన్నవాళ్లు ప్రచారానికి దిగారని ఆ పరిశోధకులు రాశారు.

మన అభిమానికి దారి ఉంది. సినిమా ఆడకపోతే తిట్టుకుంటాడు, పెళ్లయ్యాక సంఘం మానేస్తాడు, పార్టీ మారతాడు. ఆ మేరకు అతను బానిస కాడు. కానీ అతని మీద నడిచే యంత్రాంగం వేరే ఉంది. అభిమాన సంఘమంటే ఉద్వేగం మాత్రమే అనుకుంటే పొరపాటు. దానికి టౌన్ ప్రెసిడెంటు, జిల్లా అధ్యక్షుడు, రాష్ట్ర అధ్యక్షుడు అంటూ మెట్లున్నాయి. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత పెద్దగా, ఏ వరసలో ఉండాలన్న దానిమీద గొడవలున్నాయి. బెనిఫిట్ షో టికెట్లు ఎవరి చేతుల మీదుగా పోతాయన్న దాంట్లో నాలుగు డబ్బులూ ఉన్నాయి. ఏ సంఘం ఏ కులం కుర్రాళ్లతో నిండుతుందో ఊళ్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి అభిమానుల మీద 2009లో ఇంగ్లిషులో పుస్తకమే రాశారు. ఆ సంఘాలు మంచి పనులూ చేశాయి: 1998లో మొదలైన చిరంజీవి బ్లడ్ బ్యాంకుకు రక్తమిచ్చింది అభిమానులే. ఇచ్చేవాడి మనసు మంచిదే. ఆ మంచితనం ఎవరి ఖాతాలో జమవుతుందన్నదే అడగాల్సింది.

చావుకు కూడా ఖాతా ఉంది. 2009 సెప్టెంబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాక, ఆ వార్త విని వందలమంది గుండె ఆగి చనిపోయారని పత్రికలు రాశాయి. ఆ కుటుంబాలను పలకరించే ఓదార్పు యాత్ర మీద నుంచే 2011లో కొత్త పార్టీ లేచింది. 2016 డిసెంబరులో జయలలిత మరణించాక అన్నాడీఎంకే తానే జాబితాలు ప్రకటించి, కుటుంబానికి మూడు లక్షల చొప్పున ఇస్తామంది. ఏ గుండె దుఃఖంతో ఆగిందో, ఏది వయసు మీరి ఆగిందో విడదీయడం ఎవరివల్లా కాదు. విడదీయాలన్న ఆసక్తి మాత్రం ఎవరికుంది! నాయకుడు ఎంతటివాడో చెప్పడానికి ఆ సంఖ్య పనికొచ్చింది.

రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి అని అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆయనకు హైదరాబాద్ 125 అడుగుల విగ్రహం పెడితే, విజయవాడ అంతే ఎత్తు విగ్రహాన్ని 81 అడుగుల పీఠమెక్కించింది. హెచ్చరిక కింద ఎక్కడో ఉండిపోయింది.

ఇక గుంపు దగ్గరికి వద్దాం. నాయకుడికీ, తారకూ, బాబాకూ ముగ్గురికీ గుంపే రుజువు. అది పల్చగా కనబడితే పరువు పోతుంది. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు రోడ్డు షోలో ఎనిమిది మంది చనిపోయినప్పుడు, డ్రోన్ దృశ్యాల్లో జనం కిక్కిరిసి కనబడాలనే ఇరుకు వీధి ఎంచుకున్నారని అప్పటి పాలక పక్షం ఆరోపించింది. ఆ ప్రభుత్వం వెంటనే రోడ్ల మీద సభలకు కళ్లెం వేస్తూ జీవో నంబరు 1 తెచ్చింది. అది ప్రతిపక్షం నోరు కట్టేయడానికేనని విమర్శలొచ్చాయి, 2023 మేలో హైకోర్టు కొట్టేసింది. 2024 జులై 2న ఉత్తరప్రదేశ్‌లోని హాథరస్‌లో ఒక సత్సంగానికి 80 వేల మందికి అనుమతి తీసుకుంటే రెండున్నర లక్షల మంది వచ్చారని ఎఫ్‌ఐఆరే చెప్పింది. ఒకప్పటి పోలీసు ఉద్యోగి అయిన భోలే బాబా పాదధూళి కోసం జరిగిన తొక్కిసలాటలో 121 మంది పోయారు, అత్యధికులు ఆడవాళ్లు. ఎఫ్‌ఐఆర్‌లోనూ, అభియోగపత్రంలోనూ బాబా పేరు లేదు. ఉన్నవి సేవాదార్ల పేర్లు. 2025 సెప్టెంబరు 27న కరూర్‌లో తమిళ నటుడు విజయ్ తన పార్టీ సభకు మధ్యాహ్నానికి వస్తారన్నారు, రాత్రి ఏడు దాటాక వచ్చారు. పొద్దుట్నుంచి ఎండలో నిలబడ్డవాళ్లలో 41 మంది ప్రాణాలు పోయాయి.

ఈ వరసలో హైదరాబాద్ సంధ్య థియేటర్ కేసు కొంత తేడా. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు అల్లు అర్జున్ రావడంతో జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. అక్కడ తార పేరు కేసులోకి ఎక్కింది. ఒక రాత్రి చంచల్‌గూడ జైల్లో గడిపారు. తప్పు ఎవరిదో కోర్టు తేల్చాలి. కానీ ఆ పేరు రాసినందుకే రాష్ట్రం రెండుగా చీలి వాదించుకుంది. ఆయనేం చేశాడు, వచ్చి చెయ్యూపాడంతే కదా అన్నారు. ఆ చెయ్యి ఊపడం కోసమే కదా జనం వచ్చింది? ఆ జనం కోసమే కదా ఆయన వచ్చింది?

తాను ముఖ్యమంత్రిగా ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు, టికెట్ ధరల పెంపు ఉండవని రేవంత్ రెడ్డి 2024 డిసెంబరు 21న శాసనసభలో ప్రకటించారు. మూడు వారాలు తిరక్కముందే సంక్రాంతి సినిమాకు తెల్లవారుజాము ఆటకూ, ధర పెంపుకూ ఆయన ప్రభుత్వమే అనుమతిచ్చింది. హైకోర్టు నిలదీశాక వెనక్కి తీసుకుంది.

ప్రకటనలతో ఇది తేలదు. బెంగళూరులో క్రికెట్ విజయోత్సవం రోజున స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయాక కర్ణాటక 2025లో జనసమూహాల నియంత్రణ బిల్లు తెచ్చింది. అందులో లోపాలుండొచ్చు, గిట్టనివాళ్ల మీదే వాడతారన్న భయమూ న్యాయమైనదే. జీవో నంబరు 1 అనుభవం మనకుంది. అయినా రెండు తెలుగు రాష్ట్రాలూ తమ చట్టం తాము రాసుకోక తప్పదు. అధికారంలో ఉన్నవారి సభలకూ అది సమానంగా వర్తించాలి. అనుమతి దరఖాస్తు మీద సేవాదారూ, టౌన్ ప్రెసిడెంటూ కాకుండా, ఎవరి కోసం జనం వస్తున్నారో ఆ మనిషే సంతకం పెట్టాలి. ప్రాణం పోతే మొదటి నోటీసు ఆ సంతకానికే వెళ్లాలి.