వాలు నేలకు పచ్చని గట్లు



కొండవాలున రెండెకరాలు దున్నుకునే కుటుంబానికి వాన దీవెనే. కాని గట్టివాన పడితే పైమన్ను వాగులోకి పోతుంది, రాళ్లు మిగులుతాయి. విత్తువాని ఉపమానం చదివే మనకు మన్ను లోతు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఫిలిప్పీన్స్ దేశపు మిందనావో దీవిలో సన్నకారు రైతులకు ఈ కష్టమే వచ్చింది. అడవి కొట్టిన వాలు నేలల్లో మొక్కజొన్న దిగుబడి తగ్గిపోయింది. హెరాల్డ్ వాట్సన్ అనే బాప్టిస్టు మిషనెరీ 1971లో అక్కడ గ్రామీణ శిక్షణ కేంద్రాన్ని స్థాపించారు. రైతుల గోడు విని, ఆ దశాబ్దంలోనే ఒక పద్ధతిని రూపొందించారు.

వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, నాలుగైదు మీటర్లకొకచోట సుబాబుల్ విత్తనాలను జంట వరుసలుగా ఒత్తుగా వేస్తారు. మన రైతులు కాగితపు మిల్లులకు పెంచే సుబాబులే అది. దాని వేళ్లు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. మొక్కలను మోకాలెత్తుకు కత్తిరించి, ఆకును పైరు మొదట్లో వేస్తారు. కొట్టుకువచ్చే మన్ను ఆ వరుసల దగ్గర ఆగి, ఏళ్లు గడిచేసరికి మెట్లవలె గట్లు ఏర్పడతాయి. వరుసల మధ్య మొక్కజొన్న, చిక్కుడు జాతి పంటలు వేస్తారు. ప్రతి మూడో పట్టీలో కాఫీ, అరటి, నిమ్మ వంటివి పెంచుతారు. ఒక పంట పోయినా మరొకటి ఇంటిని ఆదుకుంటుంది. 1985లో వాట్సన్‌గారికి రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

అయితే 1980ల మధ్యలో ఆకుల రసం పీల్చే చిన్న పురుగు సుబాబుల్ మీద పడింది. ఒకే చెట్టును నమ్ముకోరాదని గ్రహించి, గిరిపుష్పం మొదలైనవి కలిపి వేశారు. మాటిమాటికి కొమ్మలు కత్తిరించడం కూడా చిన్న కుటుంబాలకు భారమైంది. అదే దీవిలోని క్లావేరియా రైతులు వేరొక దారి చూచారు. మట్టపు గీత వెంబడి అరమీటరు వెడల్పు నేలను దున్నకుండా వదిలారు. గడ్డి తానే మొలిచి మన్నును ఆపింది. ఆ గడ్డి పట్టీల మీద పండ్ల చెట్లు, కలప చెట్లు నాటుకున్నారు. 1996 నుండి సంఘాలుగా కూడి ఒకరికొకరు నేర్పుకోసాగారు.

మొక్కలు పంచి వెళ్లిపోతే చెట్లు నిలువవు. ఏ చెట్టు కావాలి, పశువుల నుండి ఎవరు కాపాడాలి, కత్తిరించే తీరిక ఎవరికి ఉంది అన్నవి ఇంటి స్త్రీలతో సహా రైతులే కూర్చుని తేల్చుకోవాలి.

మట్టం చూచుటకు యంత్రం అక్కరలేదు. రెండు సమానమైన పొడుగు కర్రల పైకొనలు కలిపి కట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుమ అడ్డకర్ర బిగించండి. పైనుండి దారానికి రాయి వేలాడదీయండి. దారం అడ్డకర్రను తాకినచోట గుర్తు పెట్టండి. రెండు కాళ్లను ఒకదాని చోట మరొకటి ఉండేలా తిప్పి, మరల గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమి చోటే మట్టం. దారం అక్కడికి వచ్చేలా కాలు జరుపుతూ పుల్లలు గుచ్చుకుంటూ పోండి.

తొలకరికి ముందే మీ సంఘంలో నలుగురు రైతులు కలిసి, ఒకరి పొలంలో ఈ గీత గీసి చూడండి.