మద్దెల ఓడా? ఆట రాదా?

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. తుపాకీ దగ్గర మాత్రం ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు! మరి తేల్చేదెలా?

గోదావరిఖని నుంచి నది దాటి, మంచిర్యాల మీదుగా జన్నారం వెళితే కవ్వాల్ అడవి. వేటగాళ్ల కాలం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పోయింది. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. వేట సాగిన రోజుల్లో గురి కుదరని రైఫిల్‌తో అడవికెళితే జంతువు చావదు, గాయంతో పొదల్లో దూరుతుంది. నరకం దానికి, ప్రమాదం అటుగా కట్టెలకు వెళ్లేవాళ్లకి. అందుకే ముందు కాగితం మీద పరీక్ష.

రైఫిల్‌ని ఇసుక సంచిమీద ఆనిస్తారు. ఒకే రకం తూటాలతో, గొట్టం చల్లారనిస్తూ అయిదుసార్లు కాలుస్తారు. ఒక్కటి నడిమధ్యన తగిలితే సంబరం లేదు, అది గుడ్డిదెబ్బ కావచ్చు. అయిదు రంధ్రాలూ ఒక్కచోటే గుంపుగా పడి, ఆ గుంపు పక్కకు జరిగిందా? రైఫిల్ మంచిదే, సైటు సవరిస్తే చాలు. చెల్లాచెదురుగా పడ్డాయా? తూటాలు మార్చి, మరొకరి చేత కాల్పించి చూస్తారు. అప్పటికీ కుదరకపోతేనే తప్పు తుపాకీది.

లండన్ ఒలింపిక్స్‌లో (2012) పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాదీ గగన్ నారంగ్‌దీ ఒక్క దెబ్బ కథ కాదు. అర్హత పోటీలోనే 60 సార్లు కాల్చాలి. పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే!

పిల్లల మార్కుల కాగితం చేతికొచ్చినప్పుడూ ఇది గుర్తుంచుకుంటే మంచిది. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పొద్దు. అయిదు చూడండి.