ఎగువ లేఅవుట్, దిగువ ఇల్లు

హైదరాబాద్‌లో వరద మాట ఎత్తితే చర్చ చెరువుల శిఖం భూముల్లో కట్టిన ఇళ్ల దగ్గరే ఆగిపోతోంది. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక అది మరీ ఎక్కువైంది. ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు ఎక్కడ, బఫర్ ఎంత, నేడు ఏ భవనం కూలింది అన్నవే వార్తలు. ఆక్రమణలు తొలగాల్సిందే, అందులో వాదన లేదు. కానీ శివార్లలో బ్యాంకు అప్పుతో, లింకు డాక్యుమెంట్లన్నీ సరిచూసుకుని ఇల్లు కొన్న కుటుంబానికి ముప్పు వేరే వైపు నుంచి కూడా వస్తోంది. వాళ్లు చెరువులోకి పోలేదు. పైనున్న పొలాలు కాలనీలయ్యే కొద్దీ చెరువు నీరే వాళ్ల గడప దాకా వస్తోంది. కొన్ననాడు లేని ఈ ప్రమాదం ఏటేటా పెరుగుతుంది, ఏ దస్తావేజులోనూ కనిపించదు.

ఎకరం నేల మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 2 లక్షల లీటర్ల నీరు. అది చేనో బీడో అయితే కొంత ఇంకుతుంది, కొంత గట్ల వెంట నిలుస్తుంది, మిగిలింది నిదానంగా వాగు చేరుతుంది. అక్కడే గోడకు గోడ ఆనించి ఇళ్లు, మధ్యలో సీసీ రోడ్లు వస్తే ఆ నీటిలో అధిక భాగం వాన వెలిసేలోపే పల్లానికి పరుగెత్తుతుంది. ఇలాంటి నీటిని ఆపి ఆపి పంపడానికే మన గొలుసుకట్టు చెరువులు. మత్తడి కాలువల మీద రోడ్లు పడ్డాయని అందరూ చెబుతారు. ఆయకట్టు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పొలాలున్న రోజుల్లో తూము తీసి నీళ్లు పారించుకునేవారు, ఎండాకాలం నాటికి చెరువు అడుగంటేది, వానాకాలపు నీటికి చోటుండేది. ఆయకట్టు ప్లాట్లయ్యాక తూముతో ఎవరికీ పనిలేదు. పైగా కాలనీల మురుగు పన్నెండు నెలలూ వచ్చి పడుతోంది కాబట్టి అలాంటి చెరువు వానకు ముందే నిండుకుండ. ఇక ఆ పాత ఆయకట్టు ఉన్నది సరిగ్గా కట్ట కిందే! పది హెక్టార్లు దాటిన చెరువుకు చెప్పిన 30 మీటర్ల బఫర్ వదిలేస్తే, నిబంధనల ప్రకారం అది నిక్షేపమైన పట్టా భూమి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు నీరు ముంచెత్తింది దిగువనున్న హఫీజ్‌బాబానగర్ లాంటి బస్తీలనే.

ఆ వాన అసాధారణం కదా అనవచ్చు. నిజమే, ఆ అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది, అంత నీటిని ఏ నాలా మోయలేదు. అయితే నిజాంపేట భండారీ లేఅవుట్ 2016లోనే మునిగింది. ఓ మోస్తరు వానకే వీధులు చెరువులయ్యే కాలనీలు శివార్లలో ఇప్పటికీ ఉన్నాయి. అసాధారణ వాన వస్తుందన్న భయమే ఎగువన నీటిని ఆపడానికి అసలు కారణం. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం చేసింది అదే: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాటి పరీవాహకాన్ని కాపాడేందుకు 84 గ్రామాలకు వర్తించేలా 1996లో 111 జీవో తెస్తే, ఆ ఆంక్షలు ఎత్తేస్తామంటూ 2022లో మరో జీవో వచ్చింది. వందేళ్ల కిందటి ఇంజినీర్లకు తెలిసింది మనకు తెలియదని అనుకోలేం.

ఊరు పెరగొద్దా, ప్లాట్ల ధర పెంచి మధ్యతరగతి నోట మట్టి కొడతారా అన్న ప్రశ్న మరింత బలమైనది. పెరగాలి. అడుగుతున్నది లేఅవుట్ ఆపమని కాదు, తన వాన నీటిని తన హద్దులోనే కొన్ని గంటలు నిలిపి వదలమని. ఖాళీ స్థలంగా వదిలే భాగాన్ని పల్లపు వైపు పెట్టి గుంటగా మలిస్తే ప్లాటు మీద పడే భారం స్వల్పం. ఆ ఖర్చు మిగిలించుకున్న లేఅవుట్ దాన్ని కింది ఊరి ఇళ్ల మీదకు తోస్తోంది, అంతే తేడా. కొనేవాళ్లే జాగ్రత్తపడాలన్న సలహా కూడా నిలవదు. ఎఫ్‌టీఎల్ మ్యాపు ఈనాటి చెరువునే చూపుతుంది, పదేళ్ల తర్వాత పైనుంచి వచ్చే నీటిని కాదు. 2021లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ వరద నష్టానికి వర్తిస్తుంది గానీ అది నిర్మాణ ఖర్చుకు, ఇంటి సామానుకే, నేల విలువకు కాదు. శివారు ఇంటి ధరలో పెద్ద వాటా నేలదే.

2020 లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకానికి (ఎల్‌ఆర్‌ఎస్) రాష్ట్రంలో పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. క్రమబద్ధీకరణ పేరిట ఒక చెరువు పరీవాహకంలో వసూలయ్యే ఫీజును అదే గొలుసులోని కట్టలకు, మత్తళ్లకు కేటాయించవచ్చు. మే నెలలో తూములు తెరిచి చెరువుల్లో చోటు చేయడానికైతే భూసేకరణ, కూల్చివేతలు ఏవీ అక్కర్లేదు. ఆయకట్టే లేని చెరువుకు తూము తీయాల్సింది నీటిపారుదల శాఖా, మున్సిపాలిటీనా అన్నది మాత్రం వచ్చే వానాకాలం లోపు ప్రభుత్వం కాగితం మీద తేల్చాలి.