కెరటమెక్కిన ఆడపిల్ల

ఏడంతస్తుల మేడంత కెరటం. దాని మీంచి ఒక్క పలకపై నిలబడి జారుకుంటూ వచ్చింది మాయా గబేరా అనే బ్రెజిల్ అమ్మాయి. 2020 ఫిబ్రవరిలో, పోర్చుగల్‌లోని నజారే తీరాన. కొలిస్తే 73.5 అడుగులు! ఆ శీతాకాలంలో మగవాళ్ళెవరూ అంతకన్నా పెద్ద అల ఎక్కలేదు.

నజారే దగ్గర సముద్రం అడుగున పెద్ద లోయ ఉంది. అట్లాంటిక్ అలలు ఆ లోయ వెంట జోరు తగ్గకుండా వచ్చి, ఒడ్డు దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తాయి. చేతులతో ఈదుతూ వాటిని అందుకోవడం కష్టం గనక జెట్‌స్కీ వెనక తాడు పట్టుకుని వెళ్తారు.

2013లో ఇదే చోట మాయా మునిగిపోయింది. కాలు విరిగి, స్పృహ తప్పితే తోటివాడు ఒడ్డుకి చేర్చి ప్రాణం నిలిపాడు. ఆమెకి అంత సత్తా లేదని పేరున్న మగవాళ్ళే అన్నారు. మగవాడు మునిగితే సాహసం, ఆడది మునిగితే ‘నీకెందుకమ్మా ఇవన్నీ?’ వెన్నుకి ఆపరేషన్లు చేయించుకుని, 2018లో అక్కడే 68 అడుగుల అల ఎక్కింది. దాన్ని రికార్డుగా ఒప్పించడానికి మళ్ళీ సంతకాల ఉద్యమం చేయాల్సి వచ్చింది. అలతో పోరాటమే తేలికేమో!

నిజానికి ఈ ఆటకి పుట్టిల్లయిన హవాయిలో ఆడా మగా కలిసే ఆడేవారు. కాహుమాను రాణి ఇందులో పేరుమోసింది. పందేల్లో ఆడవాళ్ళకి సమానంగా డబ్బివ్వడం మాత్రం ప్రపంచ సర్ఫింగ్ లీగ్‌కి 2019లో గానీ కుదరలేదు.

అలలతో చెలిమి మనకీ కొత్త కాదు. మన తూర్పు తీరపు మసూలా పడవల్లో పలకల్ని మేకులు కొట్టకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. అల కొడితే పడవ విరగదు, వంగుతుంది. పూరీలో యాత్రికుల్ని కాపాడే నూలియాల్లో చాలామంది మన తెలుగు జాలరులే.

కొల్లేట్లో కెరటాలు లేవు, తాటిదోనెలున్నాయి. తమ్మిలేరు, బుడమేరు పొంగితే లంక గ్రామాల చుట్టూ నీళ్ళే. అక్కడి ఆడవాళ్ళకి నీటితో పని తప్పదు. మరి మన పట్నాల సంగతి? ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా కాలవలో దూకేది అన్నయ్య, గట్టు మీద వాడి బట్టలకి కాపలా చెల్లెలు. ‘నల్లబడిపోతావ్, నలుగురూ చూస్తారు’ అంటాం. వరదకి ఆ మొహమాటాలుండవే!

మీ ఊళ్ళో ఆడపిల్లలకి ఈత నేర్పే ఆడవాళ్ళున్నారా? వాళ్ళకంటూ విడిగా ఓ గంట కేటాయించిన కొలనుందా? మాకు రాయండి.